మా మామ్మ కంటి తెలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లబట్టలన్నీ నీలంగా ఉండేవి. మా ఊరు పలివెలలో బోరు నీళ్ళకి తెల్లబట్ట నాలుగు ఉతుకులకే పసుపుచాయకి మారిపోయేది. అందుకని ఆఖరి జాడింపులో చిటికెడు నీలిమందు కలపడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో ఆ చిటికెడు మా మామ్మది. వంటిల్లు మా అమ్మకి అప్పగించింది కానీ తెల్లబట్టలు మాత్రం ఎవరికీ వదల్లేదు. మా తాతయ్య పంచెల తెలుపు గురించి ఒకప్పుడు ఊళ్ళో చెప్పుకునేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ చిటికెడు కాస్తా పిడికెడయింది.

తాతయ్య మబ్బురంగు పంచె కట్టుకుని కొబ్బరితోటలోకి వెళ్ళేవారు. ఎలా ఉందండీ అని మామ్మ అడిగితే, పంచె వైపు చూడకుండానే "మల్లెపువ్వే" అనేవారు. మా అమ్మని అడిగితే "ఆయ్, బాగున్నాయండి అత్తయ్య గారూ" అనేది. మర్యాదకి మా కోనసీమ పెట్టింది పేరు కదా. తెలుపు గురించి తెలిపే ధైర్యం మాత్రం మా ఇంట్లో ఎవరికీ లేదు.

తొంభైల మధ్యలో, నేను ఏడో తరగతిలో ఉండగా, పంద్రాగస్టుకి కొత్తపేటలో అన్ని బళ్ళ పిల్లలకీ కవాతు పెట్టారు. మా బడి పేరు రాసిన బోర్డు పట్టుకుని అందరికన్నా ముందు నడిచే పని నాకొచ్చింది. నా గొప్పేమీ లేదు. క్లాసులో పొడుగు నేనే, పైగా చేతులు పీకినా నోరెత్తనని డ్రిల్లు మాస్టారికి నమ్మకం. అయితేనేం, జీవితంలో మొదటిసారి నేను ముందుండబోతున్నాను. రెండు వారాలపాటు చేటని కర్రకి కట్టుకుని పెరట్లో కవాతు చేశాను. కోళ్ళు కూడా నాకు దారి ఇవ్వడం నేర్చుకున్నాయి.

ముందురోజు నా తెల్ల స్కర్టు, చొక్కా నువ్వే ఉతకవే అని అమ్మని బతిమాలాను. "మామ్మ నొచ్చుకుంటుందే, ఒక్కరోజుకి సర్దుకో" అంది. ఆ ఒక్కరోజే నాకు సర్దుకోలేని రోజని అమ్మకెలా చెప్పను? నేరుగా మామ్మ దగ్గరికే వెళ్ళి, నావాటికి నీలం వెయ్యొద్దని అడిగాను.

"నీలం లేకపోతే పసుపు తేలుతుందే పిచ్చిమొహమా! ముందు నడిచేదానివి, అందరికన్నా తెల్లగా ఉండొద్దూ?" అని, నా మీద ప్రేమకొద్దీ ఇంకో చిటికెడు ఎక్కువే వేసింది.

తెల్లారి మైదానంలో మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. "ఏమ్మా, తెల్ల డ్రస్సు అంటే ఆకాశం కట్టుకొచ్చేవేంటి?" అన్నారు. వరసంతా గొల్లుమంది. బోర్డు నా వెనక పిల్ల చేతిలోకి వెళ్ళింది. నేను చిట్టచివరి వరసలోకి వెళ్ళాను. అక్కణ్ణుంచి బోర్డు వెనక భాగం కూడా కనపడలేదు.

ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని, విప్పిన జత తెచ్చి మామ్మ ఒళ్ళోకి విసిరేశాను. "నీకు కళ్ళు కనపడవు! ఇది నీలం!" అని అరిచాను. మా ఇంట్లో ఆవిడ ముందు ఎవరూ అంత గొంతు చెయ్యలేదు. మామ్మ చొక్కాని వెలుతురుకి పట్టి చూసింది, తిరగేసి చూసింది. "తెల్లగానే ఉందే," అంది మెల్లిగా. అమ్మ వైపు చూసింది. అమ్మ నేల చూపులు చూసింది. తాతయ్య వైపు చూసేసరికి ఆయనకి ఉన్నట్టుండి దొడ్లో పని గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ళబట్టి?" అనడిగింది మామ్మ.

ఆ తరవాత నాన్న ఆవిడని కాకినాడ తీసుకెళ్ళి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించారు. శుక్లమంటే తెలుపేనట. కంట్లో తెలుపు ముదిరితే బట్టల్లో తెలుపు పోవడమేమిటో నాకు అర్థం కాలేదు. కంటిలోపలి పొర ఏళ్ళతరబడి పసుపెక్కిందని, నీలాన్ని లోపలికి రానివ్వలేదని డాక్టరు చెప్పారట. కన్ను కుదుటపడ్డాక మామ్మ నా చొక్కా తెప్పించుకుంది. ఒక కన్ను మూసి చూసింది, అది తెరిచి రెండోది మూసి చూసింది. ఇలా చాలాసేపు. "ఈ కంటికి నీలం. ఈ కంటికి తెలుపు," అంది. "చూసేవా, నేను చెప్పలేదూ!" అని ఎగిరాను. తప్పయింది అంటుందని ఎదురుచూశాను. అనలేదు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు, నేను తీర్థంలో కొనుక్కున్న అట్టకళ్ళజోడు తెమ్మంది. దానికి అద్దాల బదులు పసుపుపచ్చ జెలటిన్ కాగితం అతికించి ఉండేది. అది పెట్టుకుని, చెప్పేదాకా తియ్యకుండా చిక్కుడుకాయలు ఒలవమంది. మొదట గోడలూ, కాయలూ, మామ్మా అందరూ పసుపు రాసుకున్నట్టున్నారు. కాసేపటికి ఆ పసుపు ఎటుపోయిందో తెలీదు. సున్నం కొట్టిన గోడ మళ్ళీ సున్నంలాగే కనిపించింది. కళ్ళజోడు ఉందన్న సంగతే మరిచిపోయాను. అప్పుడు బకెట్టు నీళ్ళు, తాతయ్య పాత తువ్వాలు, నీలిమందు పొట్లం నా ముందు పెట్టింది.

"నువ్వెయ్యవే. నీకు తెల్లగా కనపడేదాకా వెయ్యి."

ఆవిడకి పాఠం చెప్పే అవకాశం దొరికిందనుకుని ఎంతో జాగ్రత్తగా ఒక్క చిటికెడు వేశాను. నీలం జాడే లేదు. ఇంకోటి వేశాను. నీళ్ళు కాస్త మసకబారాయి, అంతే. అయిదో చిటికెడుకి తువ్వాలు పిండి, దులిపి చూపించాను. "తెల్లగా ఉందా?" అంది. "ఆఁ, ఉంది," అన్నాను. "ఒట్టు?" "ఒట్టు."

"ఇప్పుడు తియ్యి."

తీశాను. నా చేతిలో ఉన్నది మా తాతయ్య పంచెలకి పెద్దన్నయ్య. అంత నీలం మామ్మ కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

"నాకు పసుపు కనపడిందనుకున్నావేంటే ఇన్నాళ్ళూ? నాకూ తెలుపే కనపడింది," అంది మామ్మ. "కన్ను మోసుకొస్తుందంతే. చూసేది లోపలెక్కడో ఉంటుంది. దానికి పొర అడ్డమున్నట్టు తెలీదు, వచ్చినదాంతోనే తీర్పు చెప్పేస్తుంది." తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు అరిచేవు కాబట్టి తెలిసింది. మిగతావాళ్ళ మర్యాదే నన్ను గుడ్డిదాన్ని చేసేసింది," అంది.

ఆవిడ నా చొక్కాకి నీలం వేస్తే, నేను ఆవిడ మీద వేసింది నీలాపనింద అని అప్పుడు తెలిసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. మరుసటేడు నాకన్నా పొడుగు పిల్ల ఒకతి బళ్ళో చేరింది, ఇంక ఆ బోర్డు నా చేతికి రానేలేదు. తరవాత ఇంటర్లో కంటి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాను. తప్పు చూస్తున్నప్పుడు కూడా లోపల అచ్చం ఒప్పులాగే ఉంటుందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది తెలిశాక నాకు ఒరిగిన సుఖం కూడా పెద్దగా లేదు. ఎవరితోనైనా గట్టిగా వాదించబోయే సమయానికి లోపలినుంచి ఓ సందేహం వచ్చి నోరు కట్టేస్తుంది. అందుకే మా ఇంట్లో ప్రతి వాదనలోనూ ఓడిపోయేది నేనే.

మొన్న సాయంత్రం మా అమ్మాయి విసుక్కుంటూ వచ్చింది, టీవీ వీధి చివరిదాకా వినిపిస్తోందని. నాకైతే ఆ చప్పుడు సరిగ్గా సరిపోయింది, ఆ మాటకొస్తే కాస్త తక్కువే. అదే అనబోయి, ఆగి, రిమోట్ దాని చేతికిచ్చాను. తగ్గించింది. తెరమీద మనుషులు పెదవులు కదుపుతూనే ఉన్నారు, నేను వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాను.

"చెవుల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దామే?" అనడిగాను.