రెండు వందల నంబరు ఇల్లు

ప్రొద్దుటూరులోని ఆ చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో కోడు రాయడం వచ్చింది చందన ఒక్కదానికే. అందుకే కాస్త మిడిసిపాటు. జమ్మలమడుగు లైనులో రెండు వందల ఇళ్లు. ఇంటింటి బాక్సుకూ ఒక ఐపీ అడ్రసు, దాని చివర ఒకటి నుంచి రెండు వందల దాకా నంబర్లు. చందన రాసిన ప్రోగ్రాం పొద్దున్నే ఆ అడ్రసులను వరసగా పలకరించేది. పలకని ఇంటి పేరు లిస్టులో ఎర్రగా పడేది. లైన్‌మన్ కరీముల్లా అక్కడికి వెళ్లేవాడు. యంత్రం ఇంత బాగా చెబుతుంటే ఇంక మనిషి మాట ఎవరికి కావాలి!

గులాబ్‌బీ మూడు రోజులు వరసగా జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చింది. కువైట్‌లో ఆమె కొడుకు రెహాన్ పనిలో కిందపడ్డాడు, కాలికి ఆపరేషన్ అయింది. పక్కింటి ఫోనులో గొంతు విన్నది గానీ మొహం చూడలేదు.

"నెట్టు రావడంల్యా పాపా. వాని మొగం ఒక్కతూరి చూడాల."

"లిస్టులో నీ పేరు లేదవ్వా. లైను బాగుంది. ఫోన్లో నువ్వే ఏదో నొక్కింటావు," అని పంపేసింది చందన. మూడో రోజైతే అందరి ముందూ కసురుకుంది. "ఎన్నితూర్లు చెప్పాలవ్వా నీకు?"

ముసలామె తల దించుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజు కరీముల్లా అడిగాడు. "మేడం, రెండు వందల నంబరు ఎప్పుడన్నా ఎర్రగా పడిండాదా? ఆ యవ్వది అదే."

చందన కోడు తెరిచింది. ఒకటి నుంచి రెండు వందలు అని రాసి ఉంది. చివర రాసిన అంకె దాకా కంప్యూటరు పోదు, దానికి ముందే ఆగిపోతుంది. రెండు వందల ఒకటి అని రాయాలి. కోడు నేర్చుకున్న మొదటి వారంలోనే చెప్పిన పాఠం! ఇన్నాళ్లూ ఆ ఇంటిని ఎవరూ పలకరించనే లేదు. చందనకు తల కొట్టేసినట్టయింది. కరీముల్లా బండి వెనకాల ఎక్కి కూర్చుంది.

జమ్మలమడుగులో అతను గులాబ్‌బీ వీధి చివర స్తంభం ఎక్కి తెగిన వైరు అతికించాడు. చందన ఇంట్లోకి వెళ్లింది. ఇంట్లో ఉన్న గులాబ్‌బీకి అదేమీ తెలియదు. వీడియోలో రెహాన్ కనబడగానే ఫోను చెంపకు ఆనించుకుని ఏడ్చింది.

"తప్పు నాదే లేరా. ఏందో నొక్కింటి. పాపం, మేడమే ఇల్లు ఎతుక్కుంటా వచ్చింది."

చందన సిగ్గుతో చచ్చిపోయింది. "కాదవ్వా, తప్పు నాది. నీ ఇంటిని నేను లెక్కలోనే పెట్టలా."

గులాబ్‌బీ ఆమె గడ్డం పట్టుకుని నవ్వింది. "ఊరుకో పాపా. ముసల్ది బాధపడతాదని నీ మీద ఏసుకుంటాండావు. సదువుకున్నోళ్లకు తప్పెట్లొస్తాది?"

చందన మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. గులాబ్‌బీ టీ పెట్టడానికి లేచింది.