నలభై మూడో వరుసలోని గొంతు

ఒక గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే కౌంటరు దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న చూపులేని ఉద్యోగి చేతిలోంచి అతని పనిముట్టును లాగేసుకున్నారు. అతనికి చెప్పలేదు. అతన్ని అడగలేదు. అడిగామని మాత్రం రికార్డులో రాసుకున్నారు.

ఆ పనిముట్టును తయారుచేసింది అతని అక్క. ఆమె ఒక ముద్రణాలయంలో ప్రూఫ్ రీడరు. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ పక్కన, ఒక కాలు కింద అట్టముక్క పెట్టిన అదే బల్ల ముందు కూర్చుని ఊరివాళ్ల తప్పులు దిద్దుతోంది. ఎక్కడో ఒక కామా జారిపోతే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. యంత్రాల మోత చెవులు చిల్లులు పొడుస్తున్నా, ఒకే పేరాలో రెండుసార్లు పడ్డ మాటను ఇట్టే పట్టేస్తుంది. ప్రెస్సులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా పలుకుతుంది.

తమ్ముడికి ఉద్యోగంలో చేరిన మూడో ఏట చూపు పోయింది. కంప్యూటరు తెర చూడలేనివాడికి కౌంటరు పని ఎలా అప్పగిస్తామని పైవాళ్లు నసిగారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు అతని దగ్గర ఉంది. మెయిళ్లు, వార్తలు అన్నీ దానితోనే వింటాడు. కానీ పుస్తకాల లెక్క కోసం గ్రంథాలయాలు వాడే సాఫ్ట్‌వేర్‌లోని గడుల దగ్గరకు వచ్చేసరికి అది మూగబోయేది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సుది. దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, మార్పు నచ్చితే అందరికీ అందించవచ్చు. ఈ సంగతి ఎవరో చెప్పగా విని, ప్రూఫులు తప్ప మరో లోకం తెలియని ఆమె రెండేళ్లు కిందా మీదా పడి కోడ్ రాయడం నేర్చుకుంది. పుస్తకం పేరు, సభ్యుడి నంబరు, తిరిగి ఇవ్వాల్సిన తేదీ చదివి వినిపించేలా, ఆ సాఫ్ట్‌వేర్‌కు జోడించే ఒక చిన్న ప్యాకేజీ తయారుచేసింది. దానికి ‘గొంతు’ అని పేరు పెట్టింది. సాఫ్ట్‌వేర్‌ను నడిపే బృందం దాన్ని మెచ్చుకుని ప్రధాన భాగంలో చేర్చుకుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడికి వెళితే గొంతు కూడా అక్కడికి వెళ్లేది. తమ్ముడు కౌంటరు దగ్గరే ఉండిపోయాడు.

ఆ బృందంలో పనంతా మెయిళ్ల మీదే సాగుతుంది. పెద్దతలకాయను అందరూ మేస్త్రీ అంటారు, సాఫ్ట్‌వేర్‌కు పునాది వేసింది ఆయనే గనుక. వాళ్లదొక పద్ధతి ఉంది. ప్రతిపాదన ఏదైనా, తమ్ముడిలా వాడుకునేవాళ్లు కూడా ఉండే మెయిళ్ల గుంపులో పెడతారు. పది రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అది ఆమోదం పొందినట్టే లెక్క.

పోయిన ఏడాది మేస్త్రీ ఒక ప్రతిపాదన పెట్టాడు. ప్రధాన భాగంలో అందరికీ తప్పనిసరి అయినవే ఉండాలి. తక్కినవన్నీ అదనపు ప్యాకేజీలుగా విడిపోవాలి. కావలసినవాళ్లు తమ కంప్యూటర్లలో విడిగా వేసుకోవాలి. ఆయన చెప్పిన కారణాలను కొట్టిపారేయలేం. నలుగురు మనుషులు తొంభై ప్యాకేజీల బరువు మోస్తున్నారు. లేబుళ్లు అచ్చువేసే ప్యాకేజీలో ఏదో పొరపాటు దొర్లినందుకు, సభ్యుల వివరాలను కాపాడే మరమ్మతు ఆరు వారాలు ఆగిపోయింది. చదివినప్పుడు ఆమెకూ సబబే అనిపించింది.

ఆ సాయంత్రం ఆమె వంటగదిలో బీన్స్ తరుగుతుంటే తమ్ముడు పిలిచాడు.

“అక్కా, మీ మేస్త్రీ చాంతాడంత ఉత్తరం పెట్టాడే. అంతా వినిపించింది గానీ, చివర్లో ‘చిత్రం’ అని ఊరుకుంది. ఏముంది అందులో?”

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఏ ప్యాకేజీ ఎటు పోతుందో చెప్పే పట్టిక అది. అక్షరాలుగా పెట్టకుండా బొమ్మగా అతికించారు. నలభై మూడో వరుసలో ఉంది: గొంతు, అదనపు ప్యాకేజీ.

“ఏదో పట్టికలేరా. ఏది ఎక్కడ ఉండాలో రాసుకున్నారు.”

“మరి మన గొంతో?”

“ఎక్కడికి పోతుంది? ఉంటుందిలే.”

“భూతద్దమే చూసి చెప్పాక ఇక తిరుగేముంది!” అని నవ్వి అతను ఇంకో మెయిలుకు వెళ్లిపోయాడు.

ఆమె అబద్ధం చెప్పాలనుకోలేదు. విడిగా వేసుకోవడం రెండు నిమిషాల పని అనుకుంది. అయినా మనసులో ఏదో పీకుతూనే ఉంది. నాలుగో రోజున పన్నెండు వాక్యాల అభ్యంతరం రాసింది. చదువుకుంటే సొంత బిడ్డకు ముందు వరుసలో కుర్చీ వేయమని దేబిరించినట్టు అనిపించి తుడిచేసింది. గొంతు వాడుకునేవాళ్లలో ఎవరో ఒకరు నోరు విప్పకపోతారా అనుకుంది. వాళ్లందరికీ ఆ పట్టిక బదులు వినిపించింది ‘చిత్రం’ అన్న ఒక్క ముక్కే అని ఆమెకు తట్టలేదు. ఆ పది రోజుల్లో ఆమె గుంపుకు పంపింది ఒకే ఒక్క మెయిలు: ప్రతిపాదన రెండో పేరాలో క్రియ రెండుసార్లు పడిందని.

ఎవరూ కాదనలేదు గనుక ప్రతిపాదన నెగ్గింది. మూడు నెలల తర్వాత ఒక సోమవారం ఉదయం ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల గ్రంథాలయం కంప్యూటర్లలోకి వచ్చింది. తమ్ముడు కౌంటరు దగ్గర కూర్చుని మీట నొక్కాడు. ఏమీ వినిపించలేదు. ఎదుట వరుసలో పదిమంది పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. మీట మళ్లీ నొక్కాడు. వెనకనుంచి ఎవరో “త్వరగా కానివ్వండి సార్” అన్నారు.

విడిగా వేయించుకోవచ్చు కదా? వేయకూడదు. ప్రధాన భాగం తప్ప అదనపు ప్యాకేజీలేవీ కార్యాలయం కంప్యూటర్లలో పెట్టరాదని హెడాఫీసు ఉత్తర్వు. వారం తిరిగేసరికి అతన్ని వాకిలి దగ్గర, సందర్శకుల సంచులు తీసుకుని బిళ్లలిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఆమె సెలవు పెట్టి లైబ్రేరియన్ దగ్గరకు వెళ్లింది.

“నాకు మాత్రం బాధగా లేదా అమ్మా?” అంది ఆవిడ. “నా చేతిలో ఉంటే ఈపాటికి వేయించేసేదాన్ని. అదనం అని రాసుంటే అది అక్కర్లేనిదే కదా అంటున్నారు పైవాళ్లు. అలా రాసింది మీవాళ్లేగా?”

ఆమె లేచింది. ఇంటికొచ్చి మేస్త్రీకి రాసింది. జవాబు మర్యాదగానే వచ్చింది. “భూతద్దం గారూ, పది రోజులు గడువిచ్చాం. మీరూ చదివారు, తప్పు కూడా దిద్దారు. ఒక్కరూ కాదనలేదు. గొంతు ఎక్కడికీ పోలేదు, విడిగా ఉంది. మళ్లీ కలపాలంటే కొత్త ప్రతిపాదన పెట్టండి, వచ్చే ఏటి విడుదలకు చూద్దాం.”

మర్నాడు మధ్యాహ్నం ఆమె తమ్ముడి బల్ల పక్కన, గోడకు ఆనించిన స్టూలు మీద కూర్చుంది. ఇద్దరి మధ్య టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.

“ఆ బొమ్మలో గొంతు ఉందిరా. అదనపు వాటిలో వేశారు. నేను చూశాను.”

అతను ఆమె వైపు తిరిగాడు.

“నేను అడిగాను కదే.”

“అడిగావు.”

“చెప్పుంటే నేనే రాసేవాణ్ణి. నీకు మొహమాటం. నాకేంటి? నా పని అది.” గొంతు తగ్గించి అన్నాడు. “నువ్వు లోకం తప్పులన్నీ దిద్దుతావు. నన్ను ఒక్క ముక్క రాయనివ్వలేదు.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఎవరో సంచీ అందించారు. అతను తడుముకుని బిళ్ల ఇచ్చాడు. తర్వాత, అక్క మరీ చిన్నబోతుందని కాబోలు, తనే మాట కలిపాడు.

“మీ మేస్త్రీ భలేవాడే. ఇల్లు బరువైందని మెట్లు పీకి పెరట్లో పెట్టాడు. మెట్లెక్కడికీ పోలేదంటాడు.”

ఆమె నవ్వలేకపోయింది. ఆ వారంలోనే, జరిగినదంతా తేదీలతో సహా రాసి గుంపులో పెట్టింది. తమ్ముడు ఏమడిగాడో, తానేం చెప్పిందో కూడా దాచుకోకుండా రాసింది. అయిదు నెలలైంది. ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ రాలేదు.

బృందంలోని నలుగురికీ, హెడాఫీసులో ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారికీ చెప్పవలసింది ఇది. ప్రధాన భాగాన్ని విడదీసే హక్కు మీకుంది. ఎవరి బతుకు దాని మీద నడుస్తోందో వాళ్లకు అర్థమయ్యేలా తెలియజేయకుండా విడదీసే హక్కు లేదు. చదవలేని రూపంలో పంపినది నోటీసు కాదు. అందని నోటీసుకు జవాబు రాకపోవడం అంగీకారమూ కాదు. ఆమె తన తప్పేమిటో చెప్పి ఒప్పుకుంది. మీరింకా ఒప్పుకోలేదు. గొంతు విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని రద్దు చేయండి. పట్టికను అక్షరాల్లో పెట్టి, గడువు మళ్లీ మొదటినుంచి ఇవ్వండి. అది తేలేదాకా కౌంటరు దగ్గరి ఆ ఒక్క కంప్యూటరులో గొంతును వేసుకోనిస్తూ ఈ వారమే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. కౌంటరు వెనక అతని కుర్చీలో ఇంతవరకూ ఎవరినీ వేయలేదు. అతన్ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టండి.