సరిత కంప్యూటర్‌కు కొట్టిన కొబ్బరికాయ

మా వాడకట్టులో ఆమెను ఎయిర్‌పోర్టు సరిత అంటారు. పుట్టింది తొండుపల్లిలో. విమానాలు దిగడం మొదలైన ఏడాదే పెళ్ళయి, శంషాబాద్‌లో మా పక్కింటి పోచమ్మకు కోడలిగా వచ్చింది. పోచమ్మ కొడుకు వీరేందర్ విమానం దిగినవాళ్ళను తన కారులో పట్నానికి చేర్చేవాడు. రెండేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ప్రియదర్శిని అని పెద్ద పేరు పెట్టారు గానీ అందరికీ చిన్నియే. ఆ పిల్లకు మాటలు రాకముందే ఒక తెల్లవారుజామున పెద్ద రోడ్డు మీద లారీ తగిలి వీరేందర్ పోయాడు. కారు తుక్కు కింద పోయింది. సరిత ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పనికి కుదిరింది.

ఏడుస్తుందేమోనని మేమంతా చాలా రోజులు కనిపెట్టుకుని ఉన్నాం. ఏడవలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒకసారి మా ఇంట్లో వేడి చాయ్ చేతిమీద ఒలికితే, గ్లాసు నింపాదిగా కింద పెట్టి చేతివైపు చూసింది. అది తన చెయ్యేనా అన్నట్టు చూసింది.

ఆమెకు ఒక్కటే పట్టింపు మిగిలింది. ఇంట్లో వీరేందర్ ఫోటోలంటే పెళ్ళి ఆల్బమ్ ఒక్కటే. అందులో అతను బాసికం కట్టుకుని, నుదుటిన కల్యాణం బొట్టుతో, ఎవరో కొత్త మనిషిలా ఉంటాడు. చిన్ని ఆ బొమ్మ చూసినప్పుడల్లా "పెండ్లి మామ" అనేది. "మామ గాదు బిడ్డా, మీ నాయిన" అని పోచమ్మ ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ పెండ్లి మామే.

పిల్లను ఎత్తుకుని వీరేందర్ దిగిన ఫోటోలు లేక కాదు. చిన్న కెమెరా ఒకటి ఉండేది. అది నిండినప్పుడల్లా ఫోటోలను ఇంట్లోని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కెమెరా ఖాళీ చేసేవాడు. అన్నీ కలిపి ఒక్కసారే కడిగిద్దామన్నాడు. కడిగించకుండానే పోయాడు. పిల్లకు బొమ్మ చూసి మనిషిని గుర్తుపట్టే వయసు వచ్చాక చూపిద్దామని సరిత ఆ పెట్టెకు బట్ట కప్పి ఉంచింది.

చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండుగలుండవు. ఏడాది దాటాక వచ్చిన మొదటి దసరా అది. వీరేందర్ ఉన్నప్పుడు దసరానాడు కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ముందు రేకు మీద పోసేవాడు. బండి ప్రాణంతో ఉన్నప్పుడే పూజ పట్టాలని అతని లెక్క. ఇప్పుడు ఆ ఇంట్లో అతని యంత్రమంటూ మిగిలింది కంప్యూటర్ ఒక్కటే. సరిత దాన్ని తుడిచింది. "నువ్వు పెట్టొద్దు, పిల్లతోని పెట్టియ్యి" అని పోచమ్మ అంటే, చిన్ని చేత బొట్లు పెట్టించింది. స్విచ్ వేసింది. లోపల ఫ్యాన్ తిరిగి, పెట్టె గుర్రుమంది. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాని మీద పోసింది. పై రేకుకు జల్లెడలా కన్నాలున్నాయి.

టప్పుమన్న చప్పుడు మా ఇంటి దాకా వినిపించింది. నేను పోయేసరికి గదిలో కాలిన వాసన. సరిత కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకునే నిలబడి ఉంది.

"ఏంది సరితా, ఏమైంది?"

"ఏం లేదు పెద్దమ్మా. నీళ్లు పోసిన."

"కంప్యూటర్ మీద నీళ్లు పోస్తరా ఎవరన్న?"

"ఆయన బండి మీద పోసెటోడు గద" అంది, వంటలో ఉప్పు ఎంత వేసిందో చెప్పినంత మామూలుగా.

మర్నాడు ఆ పెట్టెను ఆటోలో పెట్టుకుని, బస్టాండ్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే రహీం దుకాణానికి ఇద్దరం పోయాం. అతను మూత విప్పి, వంగి చూసి, వాసన చూశాడు.

"అమ్మా, చాయ్ పడ్డ మిషిన్ చూసిన. బల్లి దూరింది గుడ చూసిన. పసుపు కుంకుమ పెట్టుకొని వచ్చింది ఇదే ఫస్ట్."

"నవ్వకు బిడ్డా. దీంట్ల ఆమె పెనిమిటి ఫోటోలున్నయి. ఆయన లేడు."

రహీం ముఖం మారిపోయింది. స్టూలు జరిపి సరితను కూర్చోమన్నాడు. లోపలి నుంచి మందపాటి పుస్తకమంత ఇనుప డబ్బా ఒకటి ఊడదీసి చూపించాడు. "ఫోటోలు దీంట్ల ఉంటయి అక్కా. దీని కింద ఉన్న గీ ఆకుపచ్చ పలక కాలిపోయింది. అచ్చం గిసొంటి పలకనే ఇంకోటి దొరికితే మార్చి చూడొచ్చు. కంపెనీ ఒకటైతే సరిపోదు, మీదున్న నంబర్ గుడ కలవాలె. ఇది పాతది, బజార్ల ఇప్పుడు రాదు."

"మల్ల రాదా?" అంది సరిత.

"అట్లనలేదు అక్కా. దొరకాలె అంటున్న."

సరిత తలూపి లేచింది. ఆమె డ్యూటీ టైము అయింది. నాకు మాత్రం కాలు నిలవలేదు. పోచమ్మ దగ్గర కూర్చుని, ఆ పెట్టె ఎక్కడ కొన్నాడు, ఎవరితో పోయాడు, అని తవ్వి తవ్వి అడిగాను. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్ళు ఆఫీసులోని పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే కొన్నాడట. తోటి డ్రైవర్ ఐలయ్య కూడా వెంట పోయి ఒకటి తెచ్చుకున్నాడట. ఐలయ్యది తొండుపల్లి. ఎండ తగ్గాక అక్కడికి పోయాను.

ఐలయ్య ఇంట్లో కంప్యూటర్ మంచం పక్కన ఉంది. దాని మీద మడత పెట్టిన చీరలున్నాయి.

"నడుస్తదా ఐలయ్యా?"

"ఏడ నడుస్తది పెద్దమ్మా. తెచ్చిన కాన్నుంచి మా ఇంటామెకు బల్ల తీరుగ పనికొస్తుంది. ఏం, నువ్వు గుడ నేర్చుకుంటవా?"

"వీరేందర్ ఫోటోలు తీయనీకె దీంట్ల ముక్క కావాలె."

ఐలయ్య చీరలు మంచం మీదికి తీసి, పెట్టెను తనే భుజాన వేసుకుని రోడ్డు దాకా తెచ్చి ఆటో ఎక్కించాడు.

నంబర్ కలిసింది. నాలుగు రోజులు పోనిచ్చి రహీం రమ్మన్నాడు. మేము కూర్చున్నాక తెర మీద ఒక్కో ఫోటో రావడం మొదలైంది. మొదట టై కట్టుకున్న మగవాళ్ళు వచ్చారు. తర్వాత హిమాయత్ సాగర్ కట్ట మీద అన్నం డబ్బాలు విప్పుకున్న గుంపు. తర్వాత మూతికి కేకు పూసుకున్న బొద్దు పిల్లగాడు.

"ఎవరయ్యా వీళ్ళంత?" అన్నాను.

"బిస్కెట్లోళ్లమ్మా. తుడిచేసి అమ్మిన్రు. తుడిచినా యాడికి పోవు, వాటి జాగల వేరేవి వచ్చేదాంక లోపటనే ఉంటయి."

సరిత ఆ బొద్దు పిల్లగాణ్ణి చాలాసేపు చూసింది. "మేం తుడవలేదు గద అన్నా. మావెందుకు వస్తలేవు?"

రహీం ఆమె వైపు చూడలేకపోయాడు. "మీవి ఉన్న జాగలనే దెబ్బ తగిలింది అక్కా."

సరిత వాళ్ళవీ వచ్చాయి. కొన్ని తెరుచుకోలేదు. కొన్నింట్లో పైకప్పు, ఫ్యాను రెక్క, అంతే. కింద అంతా బూడిదరంగు. చివరికి ఒకటి వచ్చింది. చిన్ని ముఖం పూర్తిగా ఉంది, నోరంతా తెరిచి. వీరేందర్ భుజాల మీద కూర్చుని రెండు పిడికిళ్ళతో అతని జుట్టు పట్టుకుంది. అతని నుదురుంది, కళ్ళున్నాయి. ముక్కు దగ్గర నుంచి కిందికి బూడిద గీతలు.

"ఇంకా వస్తదా?" అంది సరిత.

"ఇగ రాదు అక్కా. కానీ పెండ్లి ఫోటోలకెల్లి ముక్కు, మూతి తీసి దీనికి అతికిస్తరు. మా పక్క స్టూడియోల చేస్తడు. చచ్చిపోయినోళ్లను పక్కన నిలబెట్టి ఫ్యామిలీ ఫోటో గుడ చేసిస్తడు. అతికించినట్టే తెల్వదు."

ఇంటికి వచ్చి చెబితే పోచమ్మకు ఆ మాట నచ్చింది. "అట్లనే చేపియ్యి. సగం మొకం గోడకు పెడతమా?"

"అది పెండ్లినాటి మొకం అత్తమ్మా."

"ఏ నాటిదైతేంది, నా కొడుకు మొకమే గద."

"చిన్ని మల్ల పెండ్లి మామ అంటది" అంది సరిత. గొంతు పెంచలేదు. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

సరిత బూడిద భాగం కోయించి, మిగిలినదాన్నే కడిగించింది. అడ్డంగా, పట్టీలా వచ్చింది. అంత సన్నటి ఫ్రేమ్ దొరకలేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీకి పోయే ముందు, పిల్లకు అందే ఎత్తులో బీరువా తలుపుకు అంటించింది. నేను గడప దగ్గర కూర్చుని ఉన్నాను.

చిన్ని దగ్గరగా వచ్చి చూసింది. మొదట తననే గుర్తుపట్టింది. "ఇది నేను."

"అవ్."

"ఎవరి మీద కూసున్న?"

"మీ నాయిన మీద."

పిల్ల ఆ కళ్ళ మీద వేలు పెట్టింది. మామ అనలేదు. "జుట్టు గుంజుతున్న. నాయిన ఏడిశిండా?"

"ఏడ్వలేదు. నవ్విండు."

చిన్ని వేలు కిందికి జరిపింది. అక్కడ కాగితం అయిపోయి బీరువా రేకు తగిలింది.

"ఎట్ల నవ్విండు?"

సరిత చూపిద్దామని నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"డ్యూటీకెల్లి వచ్చినంక చూపిస్త" అని చెప్పి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయలుదేరింది.