చలిమిడి ఎవరు తినాలి

వెనక గదిలోంచి నాన్నగారి ఇనప పెట్టెని నేనే బయటికి లాగాను, ఉయ్యాలకి చోటు కావాలని. అప్పటికి నా భార్య ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండు గీతలు చూసి నాలుగు రోజులు. తొమ్మిదో రోజు ఆ గీతలు అబద్ధమైపోయాయి. పెట్టెని మళ్లీ లోపలికి తోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అది ఉన్నచోట గచ్చు మీద పెట్టె ఆకారం తెల్లగా మిగిలింది. నా భార్య గది తుడిచేటప్పుడు ఆ తెలుపు చుట్టూ తుడిచి దాన్ని వదిలేస్తుంది. ఎందుకని నేనడగలేదు. అడక్కుండా ఊరుకోవడం నాకు బాగా వచ్చిన విద్య.

నైట్ షిఫ్ట్ చేసొచ్చిన రోజుల్లో కిటికీకి దుప్పటి కట్టుకుని పగలు పడుకుంటాను. పక్క క్వార్టరు పిల్ల "పాపా, పాపా" అంటూ వాళ్ల నాన్నని పిలుస్తుంది. నేను పుట్టి పెరిగింది భిలాయిలోనే, హిందీ నాకు తెలుగుకంటే బాగా వచ్చు. కానీ నిద్రలో నా చెవులు తెలుగువైపోతాయి. ఎవరో మా పాపని పిలుస్తున్నారని లేచి కూచుంటాను. వెనక గదిలో ఎవరో ఇప్పటిదాకా ఆడుకుని, నేను లేచిన చప్పుడికి ఆగినట్టు ఉంటుంది. ఇప్పటికి పాకేది, ఇప్పటికి గోడ పట్టుకుని నిలబడేది అని నెలలు కూడుకుంటూ మళ్లీ పడుకుంటాను. ఇది నా భార్యకి చెప్పలేదు. ఆమె కూడా కూడుకుంటోందేమో తెలీదు.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ప్లాంటులో కరిగిన ఇనుము పారే చోట పనిచేశాడు. నేనూ అక్కడే చేరాను. ఉక్కు ఊళ్లో పుట్టాను కాబట్టి ఉక్కు మనిషినని అనుకునేవాణ్ణి. ఉక్కపోత మనిషినని చాలా ఆలస్యంగా తేలింది.

ఆ తొమ్మిది రోజుల తర్వాత ఏడాదిపాటు పరీక్షలన్నీ నా భార్యకే. రక్తం తీశారు, స్కాన్లు తీశారు, గర్భాశయంలోకి మందు ఎక్కించి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రేలో చూశారు. ఆ రోజు బల్ల మీంచి దిగి నాకేసి చూసి చిన్నగా నవ్వింది. పళ్ల బిగువు సడలకుండా నవ్వే నవ్వు అది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. దుర్గ్‌లో డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి, కళ్లజోడు మీంచి నన్ను చూసి, హిందీలో అడిగింది.

"మరి మీ రిపోర్టేదీ?"

"డ్యూటీ ఉండిందండీ," అన్నాను.

"ఏడాదంతానా?"

తర్వాతి వారం నా చేతికో చిన్న డబ్బా ఇచ్చి ఒక గదిలోకి పంపారు. గోడ మీద బోసినవ్వు పాపాయి క్యాలెండరు. ఆ పాపాయి చూస్తుండగా ఆ పని చేయడమెలాగో తెలీక క్యాలెండరుని గోడవైపు తిప్పాను. రిపోర్టులో వీర్యకణాల సంఖ్య తక్కువ, కదలిక మరీ తక్కువ అని వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని మోటిలిటీ అంటారట. నాది మోటిలిటీ తక్కువ, మా అమ్మది మాటిలిటీ ఎక్కువ. ఈ జోకు ఆ క్షణంలోనే తట్టింది గానీ చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ప్లాంటు వేడి వల్లేనా అని ఆశగా అడిగాను. వేడి వల్లయితే కాస్త మగతనంగా ఉంటుంది కదా. "వేడి కావచ్చు, నోట్లో ఆ ఖైనీ కావచ్చు, నిద్ర చాలకపోవడం కావచ్చు. ఇదే కారణమని చెప్పలేం. ఖైనీ మానెయ్యండి, ఈ మాత్రలు వాడండి. కొత్తవి తయారవడానికి మూడు నెలల దాకా పడుతుంది, అప్పుడు మళ్లీ చూద్దాం," అంది డాక్టరమ్మ. ఒకసారి గర్భం నిలిచింది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదంది. తొలి రోజుల్లోనే పోయేవాటిని చాలావరకు ఎవరూ ఆపలేరని, అది ఆడమనిషి చేసిన తప్పు కాదని నా భార్య వైపు తిరిగి రెండుసార్లు చెప్పింది. చివర్లో, "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా? పిల్లల సంగతి కాకుండా?" అనడిగింది. ఇద్దరం బల్ల మీదున్న పేపర్ వెయిట్‌నే చూశాం.

ఆటోలో మరోదా సెక్టరులోని మా క్వార్టరుకి వస్తుంటే నా భార్య అంది, "అత్తమ్మకి చెప్పకు. ఆవిడ తట్టుకోలేరు. మాట పడడం నాకు అలవాటైపోయింది."

వద్దు, నేనే చెప్తాను అనాలి. "సరే," అన్నాను.

అలా నా మాత్రలు ఆమె డబ్బాలోకి చేరాయి. పొద్దున్నే ఆమె డబ్బా తీసి వంటింట్లోకి వెళ్తుంది, నేను నీళ్ల కోసం వెళ్లినట్టు వెళ్లి మింగొస్తాను. మా అమ్మ చూసేది డబ్బాని. "మా కోడలు మందులు వాడతాంది, మరేటవుద్దో," అని సెక్టరులో మనవాళ్లందరికీ చెప్పింది. కోడలికి బార్లీ నీళ్లు, సగ్గుబియ్యం జావ చేసిపెట్టింది, ఒంట్లో వేడి తగ్గాలని. నా భార్య తాగేది. మాటలు మాత్రం మారేవి. అమ్మ ముందు నన్ను మీరు అంటుంది, తలుపేశాక నువ్వు అంటుంది. ఆ ఏడాది తలుపేశాక కూడా మీరు అనడం మొదలుపెట్టింది. నేను గమనించనట్టు ఊరుకున్నాను. చెప్పాను కదా, బాగా వచ్చిన విద్య.

మొన్న చలికాలంలో మా వీధిలో ఒకమ్మాయికి సీమంతం చేశారు. క్వార్టరు ముందు షామియానా వేశారు. నాకు అప్పజెప్పిన పని ఫ్యాను వైరు. స్టూలెక్కి టేపు చుడుతున్నాను. కింద ఆడవాళ్లు ఆ అమ్మాయికి గాజులు తొడిగి, కడుపు చలవకని చలిమిడి ఒడిలో పెట్టారు. బియ్యప్పిండి, బెల్లప్పాకం కలిపి చేసిన ఉండలు. మావాళ్లలో ఒక పద్ధతుంది. ఆ ఒడిలోంచి ఒక ఉండ తీసి, ఇంకా పిల్లలు కలగని ఆడమనిషికి తినిపిస్తారు, ఆమె కడుపూ పండాలని. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. అదే దాంతో వచ్చిన చిక్కు.

"ఏదీ మీ కోడలు? వెనకాల నిలబడిపోయిందేటి?" అంది ఒక ముసలమ్మగారు.

మా అమ్మ నా భార్య భుజం పట్టి ముందుకి తెచ్చింది. "సిగ్గుపడకమ్మా, తినీ. దీనికేటి సిగ్గు?"

"తింటే వొచ్చే యేడాదికి ఈ కుర్చీ నీదే!" అంది ఇంకొకావిడ.

నా భార్య చేతిలో ఉండ పెట్టారు. ముప్పై మంది ఆమె నోటికేసి చూస్తున్నారు. ఆమె నవ్వింది. ఎక్స్‌రే బల్ల దిగినప్పటి నవ్వు.

నేను స్టూలు దిగాను. ధైర్యం వచ్చిందని చెప్పను, కాళ్లు దిగాయి అంతే. ఆడవాళ్ల మధ్యలోంచి వెళ్లి, ఆమె చేతిలోంచి ఉండ తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. మొత్తం ఒకేసారి.

"ఓరి నీ... అది ఆడోళ్లు తినీదిరా! నువ్వు తినీసావేటి?" అంది అమ్మ.

నేను చెప్పాను. నోటినిండా చలిమిడి, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. జీవితంలో ఒక్కసారి నిజం ఒప్పుకుంటే అదీ ముద్దముద్దగానే వచ్చింది. మింగి, నీళ్లు తాగి, రెండోసారి చెప్పాల్సొచ్చింది.

"లోపం నాదమ్మా. ఆ మందులు కూడా నావే. తనకి ఏమీ లేదు."

ముసలమ్మగారే ముందు తేరుకుంది. "అయితే ఆడికింకోటెట్టండే," అంది. ఒకరిద్దరు నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. నా భార్య నన్ను చూడలేదు, ఖాళీ అయిన తన అరచేతిని చూసుకుంటోంది.

ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు మాట్లాడింది. "మీ నాన్న ఆ మంటకాడే బతుకంతా పనిసెయ్యనేదేటి? ముగ్గుర్ని కననేదేటి?" అంది. నలుగురిలో పరువు తీశానంది. తర్వాత మాట తగ్గింది. తర్వాత వెళ్లి మా గది గుమ్మంలో నిలబడింది. లోపల నా భార్య చీర మడత పెడుతోంది.

"ఆ రోజు నానో మాటన్నాను గదా," అంది అమ్మ. "నిలుపుకోనేకపోయావని."

"అన్నారు, అత్తమ్మా."

అమ్మ ఇంకాసేపు నిలబడింది. ఫర్వాలేదు అన్న మాట కోసం ఎదురుచూసిందనుకుంటాను. నా భార్య చీర మడతలు సరిచేస్తూనే ఉంది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

నేను లోపలికి వెళ్లి తలుపేశాను. మెచ్చుకుంటుందని ఎక్కడో ఆశ ఉండింది, దాచడమెందుకు.

"గొప్ప పని చేశాననుకుంటున్నావా?" అంది. ఏడాది తర్వాత నువ్వు అని వినబడేసరికి నాకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది. "ఆ ఉండ తినడానికి నీకు నిమిషం పట్టలేదు. ఏడాదిపాటు ఆ నిమిషం ఎక్కడుంది?"

దేనికైనా ఒక చమత్కారం అతికించి తప్పించుకునేవాణ్ణి. వెతికాను. దొరకలేదు.

"భయమేసింది," అన్నాను.

"నాకూ వేసింది," అంది. "ఆ తొమ్మిదో రోజు బాత్రూంలో. తలుపవతల అత్తమ్మ, ఫోనెత్తకుండా ప్లాంటులో నువ్వు. నేనెవరికి చెప్పాలి?"

ఆ రోజు ఏం జరిగిందో ఆమె అప్పుడు చెప్పింది, మొదటినుంచి. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.