పెసరట్టు పెనం దగ్గరి చెయ్యి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆషాఢ మాసంలో, హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ క్యాంటీన్‌కు నన్ను క్వాలిటీ ఆఫీసరుగా వేశారు. వంట కాంట్రాక్టరు తరఫు ఉద్యోగం. పేరు గొప్పదే గాని పనంతా పట్టికలతోనే. ఏ కూర ఎంత వేడిలో ఉంది, ఎవరు గ్లవుజులు వేసుకున్నారు, అన్నీ చూసి టిక్ పెట్టి సంతకం చేయాలి. అంత సర్వీసులో నా సంతకం మీద ఒక్క ఫిర్యాదూ నిలవలేదు. ఆ గీర నాకుండేది.

లావణ్య అక్కడ టెస్టింగ్ విభాగంలో పనిచేసేది. కాకినాడ వైపు అమ్మాయి, కాపురం మణికొండలో. ఆమెకు సీలియాక్ జబ్బు. గోధుమలో ఉండే గ్లూటెన్ రవ్వంత లోపలికి పోయినా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. చపాతీ సరే, బొంబాయి రవ్వ, సేమియా, మైదా కలిపిన ఇంగువ కూడా పనికిరావు. ఆమె కోసం పెసరట్టుకు విడి పెనం పెట్టించాను. దాని గరిటె, అట్లకాడ, పళ్లెం, తుడిచే గుడ్డ, అన్నిటికీ ఊదారంగు గుర్తు. ఆ జాబితా రాసింది నేనే.

రెండు నెలలకు ఆమె నా గదికి వచ్చింది. మనిషి సగమైంది. పేగు మానడం లేదని, ఇంకా గోధుమ తింటున్నట్టే రక్తపరీక్ష వస్తోందని డాక్టరు కోప్పడ్డారట. ఇంట్లో గోధుమ అంటే భర్త బిస్కెట్ల డబ్బా ఒక్కటే. బయట మా పెసరట్టు తప్ప ఏమీ ముట్టదు.

“నిద్రలో నేనే లేచి తినేస్తున్నానేమోనండి. వంటింటికి తాళం వేసి, చెవి దాచెయ్యమని మా ఆయనకిచ్చాను,” అంది. చాలా మామూలుగా అంది.

ప్రతి వంటకం మొదటి వాయి నుంచి కొంత తీసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచడం మా పద్ధతి. దాన్ని నమూనా అంటాం. పెసరట్టు నమూనాలన్నీ పరీక్ష పట్టీలతో చూశాను. ఒక గీత వస్తే గ్లూటెన్ లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. అన్నిటికీ ఒకే గీత. మర్నాడు మధ్యాహ్నం, ఆమె చేతిలోని పళ్లెమే తీసుకుని పరీక్షించాను. రెండో గీత మెల్లగా తేలింది. అదే పిండి, అదే పెనం, వేసిందీ అదే మనిషి.

ఆ మనిషి యాదయ్య. సొంతూరు ఖాజాగూడ, ఇరవై ఏళ్లుగా పెనం ముందే నిలబడ్డవాడు. అడిగితే పిల్లల మీద ఒట్టేశాడు. “పరేషాన్ గాకుండ్రి మేడం, పక్క పెనం దిక్కు సూడను గూడ సూడ,” అన్నాడు. నేను నమ్మలేదు. సస్పెన్షన్ కాగితం టైపు చేయించి, రుజువు కోసం సీసీ కెమెరా రికార్డు తెప్పించాను.

ఆ రికార్డుకు శబ్దం ఉండదు. రోజూ తిరిగే వంటగదే, మూగగా చూస్తుంటే ఎవరిదో అనిపించింది. రద్దీ పెరిగి పెనం ఆరగానే యాదయ్య ఎడమ చెయ్యి రెండు పెనాల మధ్య ఉన్న అడ్డు రేకు దాటి, రవ్వదోశ పెనం పక్కనున్న నూనె గిన్నెలోంచి, ఆ పెనాన్ని రుద్దే సగం కోసిన ఉల్లిపాయ అందుకుంది. పెసరట్టు పెనాన్ని రుద్దింది. తిరిగి అక్కడే పెట్టింది. అతని తల మాత్రం అటు తిరగలేదు. పదకొండు రోజుల రికార్డు చూశాను. ఆ చెయ్యి ఒక్కసారీ తడుముకోలేదు.

యాదయ్యను పిలిచి చూపించాను. “గా చెయ్యి నాదే మేడం. గిట్ల చేసిన యాది మాత్రం లేదు,” అన్నాడు. ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అబద్ధమాడేవాడు అలా కూర్చోడు. నాకు నిజంగా భయమేసింది.

మొదటి వాయికి పెనం మీద కొత్త నూనె ఉంటుంది, ఉల్లిపాయ అక్కర్లేదు. నమూనాలు శుభ్రంగా వచ్చింది అందుకే. ఇక నా జాబితాలో ఆ ఉల్లిపాయే లేదు. అది పాత్రా కాదు, వంటలో పడే సరుకూ కాదు.

అప్పుడు యాదయ్య తెర అంచున వేలు పెట్టాడు. “మీరు గూడ ఉన్నరు మేడం.”

పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు ఉన్నాను. పెనానికి రెండడుగుల దూరంలో, పట్టిక పట్టుకుని. చెయ్యి రేకు దాటుతోంది, నా ముఖం అటే ఉంది, నా పెన్ను టిక్ పెడుతోంది. ఆ ఉల్లిపాయను చూసిన జ్ఞాపకం నాకు ఇవాళ్టికీ లేదు.

సస్పెన్షన్ కాగితం చింపేసి, నివేదికలో తప్పు నా పేరునే రాశాను. లావణ్యకు నేనే చెప్పాను. “అయితే నేను కాదన్నమాట,” అని కళ్లు తుడుచుకుంది. పెసరట్టు పెనానికి విడి ఉల్లిపాయ వచ్చింది. ఆర్నెల్లకు ఆమె రక్తపరీక్ష దారికొచ్చింది.

ఉద్యోగం వదిలేదాకా రోజూ కాసేపు పట్టిక గదిలోనే పెట్టేసి, ఒట్టి చేతులతో వంటగదిలో నిలబడేదాన్ని. పట్టిక చేతిలో ఉంటే అందులో రాసినవే కనిపిస్తాయి. మిగతాది ఎదురుగా జరుగుతున్నా సంతకం పడిపోతుంది.