మా మేనత్తకు పోసింది అమ్మవారు కాదు

పోయిన వారం మా మేనత్త చనిపోయింది. ఆమె ఊరు సురంగల్‌లో చూడడానికి వచ్చినవాళ్ళు వాకిట్లోనే నిలబడి, "అమ్మవారు తీస్కపోయింది" అని దండం పెట్టి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది. అమ్మవారు తీసుకుపోలేదు, మేమే పంపించాం. ఆ మాట దాచి ఆమె గురించి మంచిమాటలు రాస్తే నాకు అన్నం సయించదు.

ఆమెది కొత్తిమీర తోట. ప్రతి కట్టనూ బుగ్గకు ఆనించి చూసేది. చల్లగా తగిలితేనే చేవెళ్ల మార్కెట్‌కు పోయే గంపలో పెట్టేది. "వాడింది అమ్మితే మల్ల ఆళ్ల మొకం ఎట్ల చూస్త బిడ్డా" అనేది. తల్లి లేని నాకు జడలు వేసింది ఆ చేతులే. కొత్తిమీర వాసనతోనే బడికి వెళ్ళేదాన్ని.

రెండేళ్ల కిందట ఆమె ఒళ్ళంతా ఎర్రబడి చీముపొక్కులు లేచాయి. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాను. "ఇది అరుదైన సోరియాసిస్. బయటి రోగాలతో కొట్లాడాల్సిన రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత చర్మం మీద పడ్డది. చీములో క్రిములు లేవు, ఎవరికీ అంటదు. గోలీలు మాత్రం ఒక్కసారిగా బంద్ చెయ్యొద్దు, ప్రాణం మీదికొస్తది" అని డాక్టరమ్మ చెప్పింది.

అత్తమ్మ నవ్వింది. "నా ఒళ్లే నాతోని పంచాయితీ పెట్టుకున్నదా?" అంది. గోలీలతో తగ్గింది కూడా.

ఈ ఎండాకాలం మళ్ళీ నాలుగు పొక్కులు కనబడగానే, అమ్మవారు పోసిందన్నారు ఊళ్ళోవాళ్ళు. అమ్మవారు ఇంట్లో ఉండగా తాలింపు పెట్టొద్దట, మందు ముట్టొద్దట. మామావాళ్ళు గుమ్మానికి వేపకొమ్మలు కట్టి, గోలీల డబ్బా తీసి అటక మీద పెట్టారు. మూడో రోజు నేను మొయినాబాద్ నుంచి ఆటోలో వెళ్ళేసరికి ఆమె ఒళ్ళంతా పొక్కులే.

"గోలీలు బంద్ చెయ్యొద్దన్నరు గదా మామా" అన్నాను.

"అమ్మవారితోని పరాచికాలా? ఐదొద్దులు నిండనియ్యి" అన్నాడు మామ.

ఏ దేవతా ఎవరినీ మందు మానెయ్యమని అడగలేదు. ఊరి నోటికి జడిసి మేమే మాన్పించాం. డాక్టరమ్మ మాట చెవులారా విన్నదాన్ని, డిగ్రీ చదివినదాన్ని, నేనూ నోరు మూసుకున్నాను. ఐదో రోజు జ్వరంతో స్పృహ తప్పాక దవాఖానకు తీసుకెళ్తే, ఆలస్యం చేశారన్నారు.

ఆ మూడో రోజు ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"జర ఆ డబ్బా అందియ్యి బిడ్డా."

"ఇంక రెండొద్దులే గదా అత్తమ్మా, ఓర్సుకో" అన్నాను.

ఆమె సరేనని తలూపింది. పచ్చిపుండైన ఒంటితో, నేను కూర్చోవడానికి చాప మీద కొంచెం పక్కకు జరిగింది.