ముక్కు దాకా వచ్చిన పిడికిలి

రాజనర్సయ్య మాస్టరు ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా గెలిచిన గొడవను చిలకమ్మ తన పొయ్యి ముందు కూర్చునే చూసింది. అసలు గొడవ మొదలైందే ఆ పొయ్యి గురించి.

అమీర్‌పేటలో షేర్ ఆటోలు ఆగే సందు మొదట్లో చిలకమ్మ జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. ఆమె వెనక నాలుగంతస్తుల బిల్డింగు. కింద జిరాక్సు షాపు, దాని పైన కంప్యూటర్ కోచింగు, ఆ పైన మగపిల్లల హాస్టలు, అన్నిటికీ పైన రేకుల షెడ్డులో మాస్టరు కరాటే క్లాసు. ఊళ్లకు ఊళ్లే సంచులు భుజాన వేసుకుని జావా నేర్చుకోవడానికి దిగిన రోజులవి. నిలబడడానికి జాగా దొరికితే చాలు, అక్కడో బోర్డు లేచేది. కోచింగువాళ్ల తరఫున పెత్తనం చేసే వీర్రాజు అనే బండమనిషికి చిలకమ్మ కూర్చునే మూల కావాల్సి వచ్చింది.

"ఏమే ముసలీ, చెబుతుంటే వినపడట్లేదా? పొయ్యి తీస్తావా, తన్నమంటావా?"

"తన్ను బిడ్డా, తన్ను. ముందుగాల నీ కాలే కాల్తది. నంజుకోను కారం సుత ఉన్నది, పెట్టమంటవా?"

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. నవ్వేసరికి వీర్రాజుకు పౌరుషం వచ్చింది. నిజంగానే కాలెత్తాడు. అప్పుడే మాస్టరు తెల్లబట్టల్లో, నడుముకు నల్లబెల్టుతో మెట్లు దిగాడు. "అన్నా, జర ఆగు. పెద్దామెతోని ఏందీ లొల్లి?" అన్నాడు. వీర్రాజు వెనక్కి తిరిగి మాస్టరు గల్లా పట్టుకున్నాడు. పట్టుకున్నాడో లేదో, ఒక కేక వినిపించింది. మాస్టరు పిడికిలి వీర్రాజు ముక్కు ముందు ఆగి ఉంది. మధ్యలో అగ్గిపుల్ల పెడితే ఇరుక్కునేంత సందు. వీర్రాజు కళ్లు మూసుకుని వెనక్కి పడ్డాడు. పడడం కూడా చిలకమ్మ చేతులు కడుక్కునే తొట్లో పడ్డాడు. తడిసిన ప్యాంటుతో లేచి, ఎవరి మొహమూ చూడకుండా పోయాడు.

సందంతా ఈలలు. "కొట్టగలిగి కూడా కొట్టలేదు చూడు! ఫైటర్ అంటే అట్లుండాలె!"

చిలకమ్మ కూడా అలాగే అనుకుంది. ఆ సాయంత్రం నుంచి పెనం మీది మొదటి రొట్టె మాస్టరుదే అయింది.

రాజనర్సయ్య జనగామ వైపు మనిషి. తండ్రి సేద్యం వదిలేసి సనత్‌నగర్‌లో ఇనుప సామాన్ల కార్ఖానాలో చేరాడు. కొడుకు కూడా అదే కార్ఖానాలో చేరాడుగానీ, అతని మనసంతా పక్క బడి గ్రౌండులో పొద్దున్నే జరిగే కరాటే మీద ఉండేది. నల్లబెల్టు రాగానే ఉద్యోగం మానేశాడు. కొంతకాలం కృష్ణానగర్‌లో గది తీసుకుని సినిమాల్లో ఫైటర్‌గా చేశాడు. హీరో చెయ్యి ఊపితే గడ్డివాములో పడడం, మళ్లీ లేచి మళ్లీ పడడం. అది నచ్చలేదు.

"అదంత దొంగ కొట్లాట, అవ్వా," అనేవాడు రొట్టె తుంచుకుంటూ. "చెయ్యి తగలదు, మనం పడాలె. మనది గట్ల గాదు, అసలుది."

పెళ్లి చేసుకోలేదు. ఇల్లూ లేదు, ఆ రేకుల షెడ్డులోనే ఒక మూల మంచం. లోకంలో అతనికి ఉన్నదల్లా తాను అసలైన ఫైటర్నన్న ఆ ఒక్క మాటే. బస్సులో ఎవడైనా తోసినా తిరిగి తొయ్యడు. 'నేను చెయ్యెత్తితే వాడేమైపోవాలి' అన్నట్టు చిన్నగా నవ్వి పక్కకు జరిగేవాడు. ఆ నవ్వు చూస్తే చిలకమ్మకు తన మనిషే అన్నంత గర్వంగా ఉండేది.

పొద్దుటి క్లాసు చూడడానికి ఆమె ఒకటి రెండుసార్లు మెట్లెక్కింది. పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడేవాళ్లు. పిడికిలి మొహం దాకా రావాలి, రావలసినంత జోరుగా రావాలి, వచ్చి వేలెడు దూరంలో ఆగాలి. ఆగితే మాస్టరు "పాయింట్!" అని అరిచేవాడు. ఇద్దరూ వెనక్కి జరిగి చేతులు దించి నిలబడేవాళ్లు. తగిలిందా, తప్పు. కొట్టినవాడు అందరి ముందూ బస్కీలు తియ్యాలి, తిన్నవాడికి దండం పెట్టాలి. దాన్ని కంట్రోల్ అంటారట. కొట్టినందుకు శిక్ష వేసే కొట్లాట చిలకమ్మ తన పుట్టుకలో చూడలేదు. అయినా చదువు చెప్పేవాడికి తెలియదా అనుకుని ఊరుకుంది.

అక్కడే కేదార్ ఉండేవాడు. రాజోలు నుంచి వచ్చిన కుర్రాడు, కింది హాస్టల్లో ఉంటూ కంప్యూటర్ నేర్చుకునేవాడు. మొదటిరోజు రొట్టె కోసం వచ్చి, "మామ్మగారూ, ఒకటి ఇస్తారా అండీ?" అన్నాడు.

"గారు ఏందిరా, గీరు ఏంది? అవ్వా అను."

"సరేనండి అవ్వగారూ."

ఆ రోజంతా చిలకమ్మ తలచుకుని తలచుకుని నవ్వింది. చేరిన కొత్తలో కేదార్ చెయ్యి తగిలి క్లాసులోని చింటు అనే పిల్లవాడి పెదవి చిట్లింది. మాస్టరు వాడిచేత కాళ్లు వణికేదాకా బస్కీలు తీయించాడు. ఆ తరవాత వాడి పిడికిలి ఎవరికీ తగల్లేదు. గోడకు కాగితం అంటించి రోజూ సాధన చేశాడు, కాగితం ఊగాలి, చిరగకూడదు. "కంట్రోల్ అంటె కేదార్‌ను చూసి నేర్చుకోన్రి," అని మాస్టరు కొత్తవాళ్లకు వాడినే చూపేవాడు.

ఒక ఆదివారం పొద్దుగూకే వేళ, ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఉండే భానుశ్రీ షేర్ ఆటో దిగుతోంది. ఆ వెనకే ఆగిన మరో ఆటోలోంచి ముగ్గురు దిగారు. తాగి ఉన్నారు. ఒకడు ఆ పిల్ల చున్నీ పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర రొట్టె తింటున్న కేదార్ పళ్లెం కింద పెట్టి లేచాడు.

చిలకమ్మ కళ్లారా చూసింది. వాడు పరుగెత్తలేదు, తడబడలేదు. నేర్పినట్టే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, నేర్పినట్టే కేక పెట్టాడు. పిడికిలి జోరుగా వెళ్లి, చున్నీ పట్టుకున్నవాడి ముక్కు ముందు ఆగింది. వాడు కళ్లు మూసుకున్నాడు. చున్నీ వదిలేశాడు కూడా. కేదార్ ఒక అడుగు వెనక్కి జరిగి, చేతులు దించి, నిలబడ్డాడు.

ఎవరో "పాయింట్!" అని అరవాలి కదా, దానికోసం నిలబడ్డాడు.

కొట్టించుకోవలసినవాడు మెల్లగా కళ్లు తెరిచాడు. మొహం తడుముకున్నాడు. ఏమీ కాలేదు. "గింతేనా బే?" అని నవ్వాడు. రెండోవాడు అప్పటికే ఆటోలోంచి ఇనుపరాడ్ తీశాడు. ఆ రాడ్ ఎక్కడా ఆగలేదు.

చిలకమ్మ మండుతున్న కట్టె లాక్కుని బూతులు తిడుతూ ఉరికేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. కేదార్ చెవిలోంచి రక్తం కారుతోంది.

పంజాగుట్టలో ఆస్పత్రిలో వేశారు. ప్రాణం దక్కిందిగానీ కుడిపక్క అంతా చచ్చుబడింది. సందులో అందరిదీ ఒకటే మాట: ముగ్గురి మీదికి ఒక్కడు పోయాడు, వెనకనుంచి కొట్టారు, ఎవడైతే మాత్రం ఏం చేస్తాడు? మాస్టరూ అదే అన్నాడు. అంతటితో ఆగలేదు. బెల్టు కట్టుకున్న కేదార్ ఫోటోతో బిల్డింగు మీద ఒక ఫ్లెక్సీ వేయించాడు. 'ముగ్గురిని ఎదిరించిన మా వీర విద్యార్థి' అని అక్షరాలు. అది చూసి కొత్తగా తల్లులు ఆడపిల్లల్ని చేర్చడానికి వచ్చారు. పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసువాళ్లు, రాత్రి క్యాబుల్లో వెళ్లే అమ్మాయిలకు నేర్పమని కబురు పంపారు.

రెండు రోజులు చిలకమ్మ నోరు మూసుకుంది. ఆమెకది చాలా ఎక్కువ. మూడో రోజు మాస్టరు రొట్టె కోసం వస్తే పెనం మీంచి తీయలేదు.

"ఏందవ్వా, గట్ల చూస్తున్నవ్?"

"సారూ, వెనకనుంచి కొట్టలే. నేను చూసిన. పోరని చెయ్యి ఆగింది."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"ముక్కు దాక పోయి ఆగింది. నువ్వు నేర్పినట్టే ఆగింది. ఆపి, వెనక్కి జరిగి, నిలబడ్డడు. నువ్వొచ్చి పాయింట్ ఇస్తవని చూసిండు కావచ్చు."

మాస్టరు మొహం నల్లబడింది. "నీకు తెల్వది. ఫైటింగంటె ఏందో నీకు తెల్వది. ముప్పై ఏండ్ల సంది చేస్తున్న నేను."

"నాకు తెల్వదా? నల్లా కాడ బిందె కోసం కొట్లాడితె నా పన్ను ఊడింది. అవతలిదాని జుట్టు నా చేతులకు వచ్చింది. నేను ఫైటర్ని అని ఏ బోర్డూ పెట్టుకోలే. కొట్లాటంటె తగుల్తది సారూ. ఇద్దరికీ తగుల్తది. గా వీర్రాజు భయపడ్డడు గనక సరిపోయింది. వాడు కండ్లు తెరిచి నవ్వి ఉంటే నువ్వేం చేద్దువు? చెప్పు, ఏం చేద్దువు?"

 మాస్టరు రొట్టె తినకుండానే మెట్లెక్కాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని చిలకమ్మకు అప్పుడూ అనిపించలేదు, తరవాతా అనిపించలేదు. పైన ఫ్లెక్సీలో పిల్లవాడు పిడికిలి బిగించి నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె రొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని ఆస్పత్రికి వెళ్లేసరికి మాస్టరు అక్కడే ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద, బడిలో తిట్లు తిన్న పిల్లవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. కేదార్ తల్లి నాగేశ్వరి కొడుకు నోట్లో చెంచాతో గంజి పోస్తోంది. సగం లోపలికి, సగం దిండు మీదికి పోతోంది.

"మాస్టారొచ్చారురా," అంది. తరవాత వీళ్లవైపు తిరిగి, "పొద్దుట్నుంచీ ఒకటే మాటండీ. తగల్లేదు కదా, తగల్లేదు కదా అంటాడు. ఎవరికి తగల్లేదో, ఏంటో, నాకు అర్థం కావట్లేదు. మీకేవన్నా తెలుసా మాస్టారూ?"

ఆమె నిందించలేదు. నిందించి ఉంటే బాగుండేదని చిలకమ్మ అనుకుంది.

కేదార్ మాస్టర్ని చూశాడు. నాలుక మెలికలు పడుతోంది. ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ, "సార్... టచ్... కాలేదు కద సార్?" అన్నాడు.

గదిలో ఆ మాట అర్థమైనవాళ్లు ఇద్దరే. మాస్టరు స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"కాలేదు బిడ్డా. టచ్ కాలేదు."

కేదార్ మొహంలో బతికి ఉన్న సగం నవ్వింది. వాడికి కావలసిన పాయింట్ వాడికి దొరికింది. నాగేశ్వరి ఏమీ అర్థం కాకపోయినా కొడుకు నవ్వాడని తానూ నవ్వింది. మాస్టరు లేచి వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చిలకమ్మ అతన్ని పలకరించలేదు. ఓదార్చాలన్న మనసు ఆమెకు పుట్టలేదు. ఆమె కళ్లలో ఇంకా ఆ గంజి కారిన దిండే ఉంది.

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దిగింది. మర్నాటి నుంచి పైన కేకలు వినిపించలేదు. అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లులు మెట్లెక్కి, తాళం చూసి, దిగి, "మాస్టారు ఎప్పుడొస్తారమ్మా?" అని ఆమెనే అడిగేవాళ్లు. "నన్నేం అడుగుతరు? నేను రొట్టెలు చేసేదాన్ని," అని కసిరేది.

ఒక పొద్దున ఆమె ఇంకా పొయ్యి రాజెయ్యకముందే మాస్టరు దిగి వచ్చాడు. తెల్లబట్టలు లేవు. లుంగీ, బనీను.

"అవ్వా, జర మీదికి రా. పని ఉన్నది."

"నా మోకాళ్లు నాలుగంతస్తులు ఎక్కే మోకాళ్లేనా?"

"మెల్లగ రా. నేను పట్టుకుంట."

"నువ్వు పట్టుకునేదేం వద్దు," అని ఆమె గోడ పట్టుకుని ఎక్కింది. మెట్టు మెట్టుకూ అతన్ని తిట్టుకుంది. షెడ్డులో చాపలు చుట్టి ఉన్నాయి. అతను నడిమధ్యకు పోయి ఆమెవైపు తిరిగి నిలబడ్డాడు.

"చింటును అడిగిన, నిన్న. ఇంక నలుగురు పోరగాళ్లను అడిగిన," అన్నాడు. "ఎవ్వని చెయ్యి సుత తగుల్తలేదవ్వా. నన్ను కొట్టురా, నిజంగ కొట్టురా అని తిట్టిన. ఏడుస్తున్నరుగని కొడ్తలేరు. మొహం దాక వస్తున్నది, ఆగుతున్నది. నేర్పింది నేనే గద."

చిలకమ్మకు ఇంకా అర్థం కాలేదు. "అయితే?"

"బయటోళ్లు గల్లా పట్టినా కొట్టేదాక రారు. బడిల సారు బెత్తం దెబ్బలు విడిచిపెడితె, ఇన్నేండ్లల్ల నన్ను ఎవడూ కొట్టలే. దెబ్బ తగుల్తె మనిషికి ఏమైతదో నాకు తెల్వది. కింద పడ్తనా, ఏడుస్తనా, తిరిగి కొడ్తనా, ఉరుకుతనా, ఏం తెల్వది. గిసొంటోన్ని, ఆడపిల్లల తల్లులు వస్తున్నరు, ఫికర్ లేదమ్మా నేను చూస్కుంట అని చెప్తున్న. తాళం తియ్యాల్నా, బోర్డే పీకెయ్యాల్నా, నాకు సమజ్ అయితలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ చిన్న నవ్వు లేదు. వయసు మీద పడ్డ మామూలు మనిషి ఒకడు చేతులు వేలాడేసుకుని ఉన్నాడు.

"నీకు నా మీద కోపమున్నది. దాచుకోకు, నాకు తెలుసు," అన్నాడు. "నువ్వొక్కదానివే కొట్టగలవ్. ఆ పోరన్ని మతిల పెట్టుకో. నేను కండ్లు మూసుకోను. నా చెయ్యి అడ్డమొస్తదేమో, దానికలవాటు, నువ్వు దాన్ని పట్టించుకోకు. చెంప మీద, నీకు ఎంత బలముంటె అంత. కొట్టు అవ్వా. నడుమ ఆపకు."